మైలుబిళ్ళ మహిమ

పోయిన వారం ఖాదర్ వలి చేతిలో కోర్టు సమను పెట్టి మనం మన పనుల్లో పడిపోయాం. పాపం, అతను మాత్రం వారం రోజులుగా దాన్ని పట్టుకునే కూర్చున్నాడు. కొత్తగా ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం జరిగింది కాస్త చెప్పుకుని, ఆ పెద్దమనిషిని కోర్టుకు పంపిద్దాం.

యుద్ధం వచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టారు. మాచర్ల పక్కన పెద్ద కామందు చెన్నకేశవులుగారి కారుకు వచ్చే పెట్రోలు నెల నడిమికే అయిపోయేది. "వచ్చే నెల కూడా ఇట్టాగే అయితే ఇంకో డ్రైవర్ని చూసుకుంటా" అని ఆయన తన డ్రైవరు ఖాదర్ వలికి చెప్పేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు నుంచి ఒక ఏజెంటు గులాబిరంగు బిళ్ళలు పట్టుకొచ్చాడు. ట్యాంకులో ఒకటి వేస్తే బండి ఒకటిన్నర రెట్లు దూరం పోతుందట. వాసన చూస్తే బట్టల పెట్టెలో వేసే కలరా ఉండ. జనం దానికి మైలుబిళ్ళ అని పేరు పెట్టారు. బిళ్ళ ట్యాంకులో పడింది, బండి నిజంగానే ఎక్కువ దూరం పోయింది.

పోయింది బిళ్ళ వల్ల కాదు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో వలి తన పాత విద్య ఒకటి బయటికి తీశాడు. రోడ్డు వాలుగా దిగే దిగువ దొరికిన చోటల్లా గేరు తీసేసి, ఇంజను ఆపేసి, బండిని దాని బరువు మీద వదిలేసేవాడు. కిందికి వచ్చాక మళ్ళీ ఇంజనును అందుకునేవాడు. మెచ్చుకోలు మొత్తం బిళ్ళకు పోయింది. ఉద్యోగం నిలబడింది, అంతే చాలనుకుని వలి నోరు మూసుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే మనకు కథే లేదు. చెన్నకేశవులుగారు పల్నాడు మొత్తానికీ ఆ బిళ్ళల ఏజెన్సీ తీసుకుని, మోటారు ఉన్న ప్రతివాడికీ అంటగట్టాడు. బిళ్ళ వేసినా బండి బెత్తెడు ఎక్కువ పోలేదని ఎవరన్నా వస్తే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "నా బండికి పనిచేసింది నీ బండికి చెయ్యకపోవటమేంది? నీ డ్రైవరు పెట్రోలు అమ్ముకుంటన్నాడు, చూసుకో!" ఈ మాటతో ఊరూరా డ్రైవర్లు హడలిపోయారు. కొందరు తమ జీతంలోంచే చాటుగా పెట్రోలు కొని యజమాని ట్యాంకులో పోశారు. ఆ బళ్ళకు కూడా బిళ్ళ బ్రహ్మాండంగా పనిచేసినట్టే లెక్క.

గురజాల పత్తిమిల్లు యజమాని దగ్గర పనిచేసే నూర్ మొహమ్మద్‌కు మాత్రం అంత తెలివి లేకపోయింది. "బిళ్ళ పనిచెయ్యలేదయ్యా" అని ఉన్నమాట అన్నాడు. అదే వాడి నేరం. యజమాని పోలీసులను పిలిచాడు, వాడు సబ్ జైల్లో పడ్డాడు. ఈ నూర్ మొహమ్మద్ ఎవరో కాదు, ఖాదర్ వలి చేతికింద స్టీరింగు పట్టడం నేర్చుకున్న శిష్యుడు. వలి అతనికి అన్నీ నేర్పాడు, దిగువలో ఇంజను ఆపే విద్య తప్ప. ఉస్తాద్‌లకు ఈ పాడలవాటు ఒకటి ఉంటుంది, ఆఖరి పాఠం తమ దగ్గర దాచుకుంటారు. నూర్ అడిగినప్పుడల్లా వలి నవ్వి, "నీ నిఖా నాడు చెబుతాలే. అదే నీకు నా చదివింపు" అనేవాడు.

ఇప్పుడు నూర్ దొంగ అనడానికి రుజువు ఒక్కటే, వలి నడిపే బండి. సాక్షి ఒక్కడే, వలి. వాయిదా ఈ రోజే.

*

పొద్దున్నే వలి భార్య అబిదా జొన్నరొట్టె పెట్టింది. వలి ఒక తుంపు తిని పళ్ళెం పక్కకు జరిపాడు.

"ఏం చెబుతావు?" అని అడిగింది అబిదా.

"జరిగింది చెబుతా."

"ఈ ఇల్లుండే జాగా అయ్యగారిది. అది నీకు తెలుసు, నాకూ తెలుసు," అంది ఆమె. "జైల్లో ఉన్నోడు మనింట్లో అన్నం తిన్నోడు. పోయిరా" అని పళ్ళెం తీసుకుపోయింది.

అదీ మాటంటే. ఆ మాటకు వలి వెన్ను కొంచెం నిలబడింది. బోనెక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలని, ఉద్యోగం పోతే పోనీ అని గట్టిగా అనుకున్నాడు. మంచివాళ్ళు గట్టిగా అనుకోవడంలో ఎప్పుడూ తక్కువ చేయరు.

వేసవి ఎండ అప్పుడే నాపరాళ్ళ మీద మండుతోంది. చెన్నకేశవులుగారు ఇస్త్రీ పంచె, కండువాతో వెనకసీట్లో దర్జాగా కూర్చున్నాడు. చేతిలో తాటాకు విసనకర్ర. ఈ రోజు ఆయన సాక్షి కాదు, నిందితుడు కాదు, ఊరికే చూడడానికి వస్తున్నాడు.

రెంటచింతల ఇంకా రాకముందే ఎర్రమిట్ట వచ్చింది. అక్కడి నుంచి రోడ్డు చాలా దూరం కిందికి దిగుతుంది. అలవాటు కొద్దీ వలి చేయి తాళం దాకా పోయింది. పోయిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. ఈ పూట ఆపకూడదు, ఆ పాడు విద్య ఈ పూటతో సరి అనుకున్నాడు. ఇంజను గుర్రుమంటూనే బండి దిగువలోకి దిగింది.

"ఏందిరా వలీ, ఇక్కడ ఇంజను ఆపేవాడివి గదా?" అన్నాడు వెనకనుంచి చెన్నకేశవులు.

వలి అద్దంలో వెనక్కి చూశాడు.

"అయ్యా?"

"ఇన్నాళ్ళూ నేను చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాననుకున్నావా? మొదటిరోజే తెలుసు నాకు. గురజాల నుంచి వస్తన్నాం, ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. నిద్రపోతన్నట్టు కళ్ళు మూసుకుని చూశా. బలే పనోడివిరా అనుకున్నా."

"తెలిసి కూడా..."

"తెలిస్తే ఏంది? జనం ఎగబడి కొంటంటే, వద్దురా ఇది కలరా ఉండ అని డప్పు కొట్టించమంటావా?"

వలి వంట్లో భయం పోయి మంట పుట్టింది. ఇన్నాళ్ళూ తానొక్కడే ఆయన్ను మోసం చేస్తున్నాననుకుని సిగ్గుతో కుళ్ళిపోయాడు. మోసపోయాడనుకున్న మనిషే అంతా తెలిసి వెనక కూర్చుని విసురుకుంటున్నాడని ఇప్పుడు తెలిసింది. మోసపోయినట్టు ఉండడం ఆయనకు అంత లాభసాటిగా ఉంది.

"నూర్ మొహమ్మద్‌ని పోలీసులు చావగొట్టారంటయ్యా. కుడిచెయ్యి పైకి లేవటంలేదంట," అన్నాడు వలి.

"నేను కొట్టానా?"

"మీరు అన్న మాట పట్టుకునే గదయ్యా కొట్టింది."

"నేను ఆ మాట ఎవర్ని చూసి అన్నా? నిన్ను చూసి అన్నా." చెన్నకేశవులు గొంతు పెంచలేదు. పద్దు చెప్పే గుమాస్తాలాగా మెల్లగా చెప్పుకుపోయాడు. "ప్రతి సంతకీ బండి తోలుకుపోయి, ట్యాంకు మూత తీసి, జనం ముందు బిళ్ళ వేసింది ఎవరు? నేనా? చానా బాగా పనిచేస్తదని నేనంటే, పక్కన నిలబడి తలకాయ ఊపింది ఎవరు? ఇయ్యాళ బోనెక్కి, అయ్యా నేను ఇంజను ఆపానని అంటావు. మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావురా అని అడుగుతారు. ఏం చెబుతావు?"

ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సంతలో తల ఊపినప్పుడు జనం తనవైపు గౌరవంగా చూస్తే అతనికి బాగానే ఉండేది.

"నేనేమన్నా నిన్ను అబద్ధం చెప్పమన్నానా? బిళ్ళ వేసినాక బండి ఎక్కువ పోయిందా లేదా అని అడుగుతారు. పోయింది. నిజమేగా? ఆ నిజం చెప్పి దిగు. ఎందుకు పోయిందని నిన్నెవుడూ అడగడు." విసనకర్ర నాలుగు ఊపులు ఊపి, "అన్నట్టు మీ అబిదా పెరట్లో గోడ ఎత్తించిందంట గదా? మా మనుషులు చెప్పారు. చానా పొందికైన ఆడది" అన్నాడు.

ఆ తరవాత ఆయన ఇంకేమీ అనవలసిన పని లేకపోయింది.

*

రెంటచింతల దాటగానే రోడ్డువార ఒక ముసలావిడ నడుస్తూ కనిపించింది. తలమీద తెల్లగుడ్డ, కాళ్ళకు చెప్పుల్లేవు. వలి ఆమెను దూరంనుంచే పోల్చుకున్నాడు. నూర్ మొహమ్మద్ తల్లి జాన్‌బీ. చూడనట్టు వేగంగా పోనిద్దామనుకున్నాడు.

"ఆపరా," అన్నాడు చెన్నకేశవులు. "ముసల్ది ఎండలో ఏం నడుస్తది? ముందు కూర్చోబెట్టు."

జాన్‌బీ మొదట ఎక్కనంది. అయ్యగారి బండిలో ఎట్టా కూర్చుంటానంది. చెన్నకేశవులు మళ్ళీ పిలిచాక, కాళ్ళ దుమ్ము చీరచెంగుతో తుడుచుకుని, ముందుసీటు చివర ఒదిగి కూర్చుంది. జన్మలో ఆమె మోటారెక్కడం అదే మొదలు. తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుంది.

"కొడుకును చూట్టానికా?" అని పలకరించాడు కామందు.

"చూట్టానికి కాదయ్యా. వినటానికి," అంది జాన్‌బీ. తరవాత వలివైపు తిరిగింది. "జైలుకు ఒక్కనాడు కూడా పోలేదు తమ్ముడూ. కబురు మీద కబురు పెట్టాడు. అమ్మా, నేను తియ్యలేదు, ఒక్కసారి వచ్చి పో అని. నేను పోలా. పక్కవాడి చేలో రాలిన పత్తికాయ ముట్టని మనిషి వాళ్ళ నాయన. ఆయన కడుపున ఇట్టాంటోడు పుట్టాడని తెలిసినాక ఏ మొహం పెట్టుకుని పోను?"

"పోవాల్సింది ఆపా. ఒక ముద్ద పెట్టి రావాల్సింది," అన్నాడు వలి. ఆమెను అక్క వరసతో ఆపా అని పిలవడం అతనికి అలవాటు.

"దొంగకా? నీ బండికి పనిచేసిన బిళ్ళ వాడి బండికి ఎందుకు పనిచెయ్యదో నువ్వే చెప్పు. నువ్వు నేర్పినోడే గదా వాడు. నీ అంత బాగానే తోలుతాడు గదా?"

వలి బండి వేగం పెంచాడు. నీ అంత బాగా తోలడు ఆపా, తోలకుండా నేనే చూసుకున్నాను అని చెప్పాలి. చెప్పడానికి ఇంత చిన్నమాట.

"తల్లంటే ఇట్టా ఉండాలి," అన్నాడు వెనకనుంచి చెన్నకేశవులు. "కొడుకని కడుపులో దాచుకోలా."

ముందు గుట్టల దిగువ వచ్చింది. గురజాల పోయేలోగా అదే ఆఖరి దిగువ.

"వలీ, ఆపు," అన్నాడు ఆయన.

బండి ఆపమంటున్నాడేమోనని జాన్‌బీ చుట్టూ చూసింది. వలికి మాత్రం ఏది ఆపమంటున్నాడో తెలిసింది. అతను తాళం జోలికి పోలేదు.

"ఆపరా అంటన్నా."

వలి గేరు తీసి తాళం తిప్పాడు. చప్పుడు చచ్చిపోయింది. ఒక్కసారిగా గాలి వినపడింది, తలుపు టకటక కొట్టుకోవడం వినపడింది, రోడ్డు పక్క ఎక్కడో మేకల గంటలు వినపడ్డాయి. బండి పోతూనే ఉంది.

"ఏంది ఇది? ఇంజను ఆగిపోయిందే!" అంది జాన్‌బీ భయంగా. వంగి కింద చూసింది, వలి కాళ్ళు చూసింది. "ఆగిపోయినా పోతందే!"

ఆమెకు తెలిసిపోయింది, ఇక తను చెప్పక్కర్లేదు అనిపించింది వలికి. ఏడాది పొడుగునా ఈ దిగువను కాళ్ళతో దిగే మనిషి. వడ్లబస్తాల బండి దిగువలో ఎద్దుల్ని ఎట్లా తోసుకుపోతుందో చిన్నప్పటినుంచీ చూసిన మనిషి. ఆమెకు తెలియకపోవడం ఏమిటి, ఇప్పుడే అనేస్తుంది అనుకున్నాడు. ఆ క్షణంలో అతను ఆమె కోసం కాదు, తన కోసమే సంతోషించాడు.

"చూశావా జాన్‌బీ," అన్నాడు చెన్నకేశవులు తీరిగ్గా. "అదే మైలుబిళ్ళ మహిమ. ఇంజను ఆపేసినా బండి ఆగదు. నీ కళ్ళతో నువ్వే చూస్తన్నావుగా."

జాన్‌బీకి ఎద్దుబండి సంగతి తెలుసు. కానీ ఇది మోటారు. మోటారును నడిపేది ఇంజనని అందరూ చెప్పారు. ఆ ఇంజనే ఆగినా బండి పోతోందంటే, చదువుకున్న పెద్దమనిషి వెనకనుంచి చెబుతున్నాడంటే, అది నిజమే అయి ఉంటుంది. ఆమె చెయ్యి తలుపు పిడినుంచి జారి ఒడిలో పడింది.

"ఇంత మహిమ ఉందా దీనికి?" అంది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. "ఇంత మహిమ ఉన్న బిళ్ళ వేసినా వాడి బండి పోలేదంటే, ఎంత తీసుంటాడయ్యా! నేను ఏదో కొంచెం అనుకున్నా. ఓరి నూరూ, నీ చేతులు పడిపోనూ!"

"ఆపా, అది బిళ్ళ..." అన్నాడు వలి.

"వలీ! ముందు చూసి తోలు. పెరటిగోడకు గుద్దేవు," అన్నాడు చెన్నకేశవులు.

రోడ్డుకు అటూ ఇటూ బీడు తప్ప గోడన్నది లేదు. జాన్‌బీ అయోమయంగా వెనక్కి చూసింది. వలి నోరు మూసుకున్నాడు. దిగువ అయిపోతుంటే తాళం తిప్పి, గేరు వేసి, ఇంజనును అందుకున్నాడు. ఎప్పటిలాగే కుదుపు లేకుండా అందుకున్నాడు. పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు.

దిగేటప్పుడు జాన్‌బీ చెన్నకేశవులుగారికి చేతులు జోడించింది. తరవాత వలి దగ్గరికి వచ్చి, "నా మొహం చూసి తగ్గించి చెప్పబాక తమ్ముడూ. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

*

కోర్టు హాల్లో చెమట వాసన, చుట్టల వాసన. నూర్ మొహమ్మద్‌ను జవాను తీసుకొచ్చి నిలబెట్టాడు. కుడిచెయ్యి గుడ్డచుట్టి మెడకు వేలాడుతోంది. మొహం సగానికి సగం అయింది. వాడు ముందు తల్లిని వెతుక్కున్నాడు, కనపడగానే మొహం విచ్చుకుంది. జాన్‌బీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. వాడి మొహం మళ్ళీ ముడుచుకుపోయింది. తరవాత వాడు వలిని చూశాడు. ఉస్తాద్ వచ్చాడు, ఇక ఫరవాలేదు అన్నట్టు చిన్నగా తల ఊపాడు. ఆ ఊపు చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది వలికి.

వలిని బోనెక్కించి, ఖురాను సాక్షిగా నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. పోలీసు తరఫు ఇన్‌స్పెక్టరు లేచాడు.

"నీ యజమాని కారులో మైలుబిళ్ళలు వాడుతున్నారా?"

"వాడుతున్నామయ్యా."

"వాడిన తరవాత అదే పెట్రోలుకు బండి ముందుకంటే ఎక్కువ దూరం పోయిందా?"

వలి పొద్దున్న అబిదాకు చెప్పిన మాట గుర్తు చేసుకున్నాడు.

"పోయిందయ్యా. కానీ..."

"అడిగినదానికి చెప్పు. పోయిందా, లేదా?"

"పోయింది, అయితే అది..."

"పోయిందా, లేదా?" అని ఇన్‌స్పెక్టరు బల్లమీద చరిచాడు.

హాలు వెనక బెంచీమీద తాటాకు విసనకర్ర నింపాదిగా ఊగుతోంది. వలికి కొత్తగా ఎత్తిన పెరటిగోడ కనపడింది, దాని పక్కన అబిదా కనపడింది. ఆమె పోయిరా అనే అంది, నిజమే. కానీ ఆమె చెప్పిందే చెయ్యాలంటే మగవాడికి దమ్ముండాలి.

"పోయింది," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. మేజిస్ట్రేటు రాసుకున్నాడు. ఇంతే. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, ప్రమాణం తప్పకుండా, ఖాదర్ వలి తన శిష్యుణ్ణి దొంగను చేశాడు. నూర్ మొహమ్మద్ రెప్ప వేయకుండా అతన్నే చూస్తున్నాడు. వాడి చూపులో కోపం లేదు, అర్థంకాకపోవడం ఒక్కటే ఉంది. తిట్టినా వలి తట్టుకునేవాడు.

"నీకు వకీలు లేడు," అన్నాడు మేజిస్ట్రేటు నూర్ మొహమ్మద్‌తో. "ఈ సాక్షిని నువ్వేమైనా అడగదలిస్తే అడగవచ్చు. లేకపోతే దిగి పొమ్మంటాను."

వలి బోను దిగడానికి ఒక కాలు కింద పెట్టాడు. బయటికి పోయి ఎక్కడైనా నీడన కూర్చోవాలి, ఎవరి మొహమూ చూడకుండా కాసేపు కూర్చోవాలి, అంతకుమించి ఏమీ వద్దనిపించింది.

"ఉస్తాద్," అన్నాడు నూర్ మొహమ్మద్.

వలి కాలు అక్కడే ఆగింది.

"నేను తియ్యలేదు. అది నాకు తెలుసు. నీ బండి ఎక్కువ పోయిందంటన్నావు. నువ్వు ప్రమాణం చేసి అబద్ధం చెప్పవు, అదీ నాకు తెలుసు. జైల్లో కూర్చుని ఇదే ఆలోచించా." వాడు గుడ్డ చుట్టిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని, మాట మాట కూడదీసుకుంటున్నాడు. "బిళ్ళ ఒకటే, పెట్రోలు ఒకటే. తోలటం నీ దగ్గరే నేర్చుకున్నా. ఒక్కటే మిగిలింది. నా నిఖా నాడు చెబుతానన్నావే ఆఖరి పాఠం, అదేంది ఉస్తాద్?"

"ఈ కేసుకూ పెళ్ళికీ ఏమిటయ్యా సంబంధం?" అని ఇన్‌స్పెక్టరు నవ్వాడు. హాల్లో నలుగురు నవ్వారు.

మేజిస్ట్రేటు నవ్వలేదు. నూర్ వంక చూశాడు, చెమటతో తడిసిపోయిన వలి వంక చూశాడు, కలం సిరాలో ముంచాడు.

"సాక్షి జవాబు చెప్పవచ్చు," అన్నాడు.

వెనక బెంచీమీద విసనకర్ర ఆగిపోయింది. ఆ పూట మొదటిసారిగా జాన్‌బీ గోడవైపు నుంచి తిరిగింది. ఆమె కొడుకును చూడలేదు, వలిని చూసింది. "ఆగిపోయినా పోతందే" అని తానన్న మాటే ఆమె పెదాల మీద మెల్లగా కదులుతోంది.